అమ్మిన పాత ఫోన్, ల్యాప్‌టాప్ “పాడైంది” అని కొన్నవారు అంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పెద్ద వ్యాపారిని కాను. నా పాత ల్యాప్‌టాప్ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మడంతో మొదలై, తెలిసినవాళ్ల ఫోన్లు, కెమెరాలు, మానిటర్లు అమ్మిపెట్టే పని కూడా నెత్తినేసుకున్నాను. అమ్మడం తేలికే. వస్తువు చేరిన మూడో రోజు పొద్దున్నే “ఇది ఆన్ అవ్వట్లేదండీ” అని మెసేజ్ వచ్చినప్పుడే అసలు పని మొదలవుతుంది. అలాంటి మెసేజ్ చూసి టెన్షన్ పడినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. జవాబులు అమ్మేవారి వైపు నుంచే రాశాను, కానీ తప్పెప్పుడూ కొన్నవారిదే అనుకుని రాయలేదు.

“పనిచేయట్లేదు” అని మెసేజ్ వచ్చింది. ముందు ఏం చేయాలి?

అరగంట ఆగండి. “పంపినప్పుడు బాగానే ఉంది, మీరే ఏదో చేసుంటారు” అని వెంటనే కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. రేపు గొడవ ముదిరితే ప్లాట్‌ఫారమ్ (మీరు అమ్మిన సైటు లేదా యాప్) వాళ్లు తెరిచి చదివేది ఈ చాట్‌నే. అందులో మీ మొదటి వాక్యమే దెబ్బలాటలా ఉంటే, మిగతాదంతా వాళ్లు ఆ దృష్టితోనే చదువుతారు.

ఆ అరగంటలో మీ ప్రకటన మీరే కొన్నవారిలా మళ్లీ చదవండి. ఏం రాశారు, ఏ గీత ఫోటోలో కనపడింది, ఏది రాయడం మర్చిపోయారు? చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. తర్వాత అదే రోజు జవాబివ్వండి. మాటలన్నీ ప్లాట్‌ఫారమ్ చాట్‌లోనే నడవాలి. వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడండి, తప్పులేదు. పెట్టేశాక మాత్రం “ఇందాక మనం అనుకున్నది ఇదీ” అని చాట్‌లో రెండు లైన్లు రాసిపెట్టండి. కొన్నవారు ప్లాట్‌ఫారమ్‌లో ఫిర్యాదు పెడితే దాన్నే కేసు అంటారు; నోటిమాట ఏ కేసులోనూ నిలబడదు.

సరే, ఏమని రాయాలి?

నేను పంపేది దాదాపు ఇలాగే ఉంటుంది:

“నమస్కారమండీ. వస్తువు చేరీ చేరగానే ఇలా ఇబ్బంది పెట్టడం నాకూ బాధగానే ఉంది. సంగతేంటో చూద్దాం. ఆన్ చేస్తుంటే ఏం జరుగుతోందో ఒక చిన్న వీడియో తీసి పంపగలరా? వెనకున్న సీరియల్ నంబరు కూడా అందులో కనపడేలా చూడండి. ఏ చార్జర్ వాడుతున్నారో చెప్పండి. పెట్టె, లోపలి ప్యాకింగ్ పారేయకండి. లోపం నా వైపుదని తేలితే వాపసు తీసుకుంటాను.”

సీరియల్ నంబరు అడగడంలో రెండు పనులు అవుతాయి. వాళ్లు చూపిస్తున్నది నేను పంపిన వస్తువే అని తెలుస్తుంది, వాళ్లను అనుమానించినట్టూ ఉండదు. ఆఖరి వాక్యం రాయడానికి చాలామంది భయపడతారు. నేను ప్రతిసారీ రాస్తాను. డబ్బు మునిగిపోలేదని తెలిశాక మనిషి గొంతు తగ్గుతుంది, వీడియో కూడా ఓపిగ్గా తీసి పంపుతారు.

లోపం ఎక్కడ పుట్టిందో ఎలా తెలుసుకోవాలి?

మూడు చోట్ల పుట్టొచ్చు: మీ దగ్గర, దారిలో, వాళ్ల దగ్గర. ఇంకొకటి కూడా ఉంది, అసలు లోపమే లేకపోవడం. నాకు ఎక్కువసార్లు తగిలింది ఇదే, అందుకే ముందు దీన్నే చూస్తాను.

ల్యాప్‌టాప్ చార్జ్ అవ్వట్లేదంటారు. తీరా చూస్తే 65 వాట్లు కావలసిన దానికి 20 వాట్ల ఫోన్ చార్జర్ తగిలించి ఉంటారు. యూఎస్‌బీ-సీ పిన్ను ఒకేలా ఉండటంతో పట్టేస్తుంది, చార్జ్ మాత్రం ఎక్కదు, లేదా వాడుతుంటే తరిగిపోతూ ఉంటుంది. డెస్క్‌టాప్‌లో స్క్రీన్ రావట్లేదంటారు. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాల్సిన కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకు పెట్టుంటారు. పూర్తిగా దిగిపోయిన ఫోన్ చార్జర్ పెట్టగానే వెలగదు, ఒక్కోసారి అరగంట పైనే ఆగాలి. చలిలో తిరిగొచ్చిన వస్తువును వెచ్చటి గదిలో వెంటనే ఆన్ చేస్తే లోపల చెమ్మ పట్టి ఉండొచ్చు, కొన్ని గంటలు అలా వదిలేసి చూడమనాలి. ఇవి అడిగేటప్పుడు “మీకు చేతకాలేదు” అన్న వాసన రాకూడదు. “నాకూ ఒకసారి ఇలాగే అయిందండీ, ఇది చేసి చూడండి” అంటే పని జరుగుతుంది.

దారిలో తగిలిన దెబ్బకు గుర్తులుంటాయి. పెట్టె మూల నలిగి ఉంటుంది, ఆ మూలకు దగ్గరగానే స్క్రీన్ పగిలి ఉంటుంది. డెస్క్‌టాప్‌లో బరువైన గ్రాఫిక్స్ కార్డు కుదుపులకు స్లాట్ నుంచి జారొచ్చు, స్లాటే విరగొచ్చు. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ (మెమరీ ముక్క) కదలొచ్చు, దాన్ని తీసి మళ్లీ నొక్కితే చాలు, “చచ్చిన” మెషీన్ లేచి కూర్చుంటుంది. పాత రకం హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోందంటే అది బతకడం కష్టమే. పెట్టెను ఆరు వైపులా ఫోటో తీయమనండి. కొరియర్ మీద క్లెయిమ్ వేయాలంటే మొదట అడిగేది అదే, ఆ గడువులు కూడా చాలా తక్కువ.

వాళ్ల దగ్గర జరిగినదాంట్లో ఎక్కువగా వినపడేవి నీళ్లు, కింద పడటం. చాలా ఫోన్లలో, ముఖ్యంగా ఐఫోన్లలో, సిమ్ పెట్టే చోట లోపల ఒక చిన్న గుర్తు ఉంటుంది. మామూలుగా తెల్లగానో వెండి రంగులోనో ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. అయితే మీరు పంపేటప్పుడు అది తెల్లగా ఉందని చూపే ఫోటో మీ దగ్గర లేకపోతే, ఎరుపు ఎవరి కాలంలోదో ఎవరికి తెలుసు?

పంపినప్పుడు నిజంగానే బాగుంది. అయినా నా తప్పు ఎలా అవుతుంది?

అవుతుంది. నాకే అయింది.

ఒక ల్యాప్‌టాప్ పంపాను. పంపేముందు పది నిమిషాలు పరీక్షించాను: ఆన్ అయింది, కీలన్నీ పనిచేశాయి, వైఫై పట్టింది. వారానికి మెసేజ్ వచ్చింది, వీడియో పెడితే అరగంటకు దానంతట అదే ఆగిపోతోందని. అబద్ధమనుకున్నాను. నేను రెండేళ్లు వాడాను, ఒక్కసారీ ఆగలేదు. సరే పంపమన్నాను, తెప్పించుకుని బల్ల మీద పెట్టి వీడియో ఆన్ చేశాను. ఇరవై నిమిషాలకు ఫ్యాన్ మోత మొదలైంది. ముప్పై ఐదో నిమిషంలో స్క్రీన్ చప్పున నల్లబడింది. కింది మూత విప్పితే ఫ్యాన్ రెక్కలకీ రాగి రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి దాని మీద పూసే పేస్టు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. నేను దాని మీద చేసిందల్లా టైపింగ్. అది ఎప్పుడూ వేడెక్కలేదు, నాకెప్పుడూ తెలియలేదు.

మొత్తం డబ్బు, రెండు వైపుల రవాణా ఖర్చు ఇచ్చేశాను. “నాకు తెలియదు” అన్నది నిజమే, కానీ అది కొన్నవారి సమస్య కాదు. అప్పటి నుంచి ప్రతి వస్తువునూ కనీసం గంటసేపు గట్టిగా పనిచేయించి గానీ పెట్టెలో పెట్టను.

“వాడినది, రిటర్న్ లేదు” అని స్పష్టంగా రాశాను కదా?

కొన్నవారు మనసు మార్చుకుంటే ఆ మాట పనికొస్తుంది. వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే పనికిరాదు. ఉదాహరణకు ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో అమ్మినవారు రిటర్న్ లేదని పెట్టినా, “చెప్పినట్టు లేదు” అన్న కారణంతో కొన్నవారు రిటర్న్ అడగొచ్చు. వాళ్లది సబబని తేలితే తిరుగు రవాణా ఖర్చు కూడా అమ్మినవారిదే.

మిమ్మల్ని కాపాడేది లోపాన్ని పేరుపెట్టి రాయడం. “ఎడమ స్పీకర్ పనిచేయదు, కింద కుడి మూలలో రెండు చుక్కలు వెలగవు” అని రాసినదాని మీద ఎవరూ కేసు గెలవలేరు. “సూపర్ కండిషన్, కొత్తదానిలా ఉంది” అన్న మాట మాత్రం తిరిగొచ్చి మీ మెడకే చుట్టుకుంటుంది. ఇక తెలిసి కూడా “పరీక్షించలేదు” అని రాయడం ఉంది చూశారూ, దాన్ని అబద్ధం అనే అంటారు.

కేసు వేసేశారు. నాకు ఎంత టైమ్ ఉంటుంది?

మీరనుకున్నదానికంటే తక్కువ. ఈబేలో కొన్నవారికి వస్తువు చేరినప్పటి నుంచి సాధారణంగా 30 రోజులు. వాళ్లు రిటర్న్ అడిగాక అమ్మినవారికి ఉండేది 3 పనిదినాలు. ఊరెళ్లి వచ్చేసరికి అయిపోతాయి. జవాబు లేకపోతే కొన్నవారు ఈబేని కలగజేసుకోమనొచ్చు, అప్పుడు మీ వైపు కథ వినకుండానే తీర్పు వచ్చేయొచ్చు.

పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ద్వారా డబ్బు వస్తే కొన్నవారు 180 రోజుల లోపు వివాదం తెరవొచ్చు. తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా మార్చకపోతే అదే మూతపడుతుంది, మళ్లీ తెరుచుకోదు. దీన్ని ఆసరా చేసుకుని మంచి మాటలతో 20 రోజులు గడిపేద్దామనే అమ్మకందారులున్నారు. ఆ పని చేయకండి. ఎందుకంటే కార్డుతో కట్టినవారికి ఇంకో దారుంది, బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం. దానికి చాలా సందర్భాల్లో గడువు 120 రోజులు. అక్కడిదాకా వెళ్తే డబ్బు ముందు మీ ఖాతా నుంచి వెనక్కి పోతుంది, పైగా ఫీజు పడొచ్చు, నిర్ణయం కూడా ప్లాట్‌ఫారమ్ చేతుల్లో ఉండదు. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నట్టే.

కేసులో జవాబు రాసేటప్పుడు కథ వద్దు. ప్రకటనలోని వాక్యం, దాని పక్కన మీ ఫోటో, తేదీ. అంతే.

బ్యాటరీ నిలబడట్లేదంటున్నారు. ఇది లోపమేనా?

వాడిన వస్తువుల్లో ఎక్కువ గొడవలు దీని మీదే, నిజానికి తేలిగ్గా తేలేదీ ఇదే. బ్యాటరీ అరిగే వస్తువు. ఐఫోన్ 14 వరకు వచ్చిన ఫోన్ల బ్యాటరీలు అనుకూల పరిస్థితుల్లో 500 పూర్తి చార్జ్ సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది, ఐఫోన్ 15 నుంచి అది 1000 సైకిళ్లు. కాబట్టి మూడేళ్ల ఫోన్ 82 శాతం చూపిస్తే అది లోపం కాదు, వయసు. కానీ ఆ 82 మీరు చెప్పారా? ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ స్క్రీన్, విండోస్ ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ రిపోర్ట్ (తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు ఎక్కే సామర్థ్యం రెండూ చూపిస్తుంది), ఈ రెంటిలో ఒకటి ప్రకటనలో పెట్టేస్తే ఈ గొడవ దాదాపు రాదు. “బ్యాటరీ బాగుంది” అని రాస్తే మాత్రం తప్పకుండా వస్తుంది. మీ “బాగుంది” వేరు, రోజంతా గేమ్స్ ఆడే వాళ్ల “బాగుంది” వేరు.

మొత్తం వెనక్కివ్వాలా, కొంత ఇచ్చి సర్దుకోవచ్చా?

లోపం చిన్నదై, వస్తువు వాళ్లకు నచ్చి ఉంటే కొంత ఇవ్వడమే ఇద్దరికీ లాభం. ఎంత అన్నది బేరంతో తేల్చకండి, మరమ్మతు ఖర్చుతో తేల్చండి. ఒక కీ ఊడితే ఆ కీబోర్డు మార్చడానికి ఎంతవుతుందో అంత.

అనుమానించాల్సిన సందర్భం ఒకటుంది. లోపం వీడియో పంపమంటే పంపరు, రిటర్న్ చేయమంటే “ఎందుకులెండి శ్రమ, సగం వెనక్కిచ్చేయండి చాలు” అంటారు. పనిచేయని వస్తువును ఉంచుకోవడానికి అంత ఇష్టపడేవారు ఎవరుంటారు? అలాంటప్పుడు నా జవాబు ఒకటే: “వస్తువు పంపండి, పరీక్షించి మొత్తం ఇస్తాను.” సగం మంది ఆ తర్వాత కనపడరు.

ఏది ఇచ్చినా ప్లాట్‌ఫారమ్‌లోని రీఫండ్ బటన్ నుంచే ఇవ్వండి. విడిగా వాళ్ల ఖాతాకు పంపారనుకోండి, కేసు దృష్టిలో మీరు ఏమీ ఇవ్వనట్టే. రెండోసారి కూడా కట్టాల్సి రావచ్చు.

రిటర్న్ పెట్టెలో నాది కాని ఫోన్ వచ్చింది!

ఇది జరుగుతుంది. అదే మోడల్, అదే రంగు, పాడైపోయిన వేరే ఫోన్. లేదా ఫోన్ మీదే, లోపలి ముక్కలు మారిపోయి ఉంటాయి. ల్యాప్‌టాప్‌లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు ఉండే డిస్క్) మాయమవుతుంటాయి.

ఒకసారి నాకు వచ్చిన ఫోన్ మొదటి చూపుకు నాదే అనిపించింది. అద్దం మీద పగులు కొత్తది, అంతే తేడా అనుకున్నాను. పాత ఫోటోలు తెరిచి పక్కన పెట్టి చూస్తే, సిమ్ ట్రే పక్కన గుండుసూది మొనంత సొట్ట ఉండాలి. లేదు. అప్పుడు ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ ఉండే ప్రత్యేక నంబరు) చూశాను, ఆఖరి నాలుగు అంకెలు వేరు. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ఒక్క పేరాతో కేసులో పెట్టాను, నాకు అనుకూలంగా ముగిసింది. ఆ సొట్టను నేను ప్రకటనలో చూపించడానికి సిగ్గుపడి ఉంటే, ఆ రోజు ఐఎంఈఐ ఫోటో కూడా తీయకపోయి ఉంటే, ఆ ఫోన్ గోవిందా.

కాబట్టి పంపేముందు ఫోన్‌లో *#06# నొక్కి, 15 అంకెల ఐఎంఈఐ కనపడేలా, పక్కనే కొరియర్ చీటీ ఉండేలా ఒక ఫోటో తీసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్, డిస్క్ వివరాల స్క్రీన్, వీలైతే డిస్క్ సీరియల్ నంబరు. రసీదు మీది బరువు దాచుకోండి. 480 గ్రాములు వెళ్లి 310 గ్రాములు తిరిగొస్తే పెట్టె తెరవకుండానే సగం సంగతి అర్థమవుతుంది. తిరిగొచ్చిన పెట్టెను తెరిచేటప్పుడు చీటీ కనపడే దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. వస్తువు ఫ్రేములోంచి ఒక్క క్షణం కూడా బయటికి పోకూడదు.

వాళ్లు బయట విప్పించి, రిపేరు బిల్లు నాకు పంపారు. కట్టాలా?

ముందు మిమ్మల్ని అడక్కుండా చేయించి ఉంటే నేనైతే మొత్తం కట్టను. అసలు లోపం ఏదో చూసే అవకాశమే లేకుండా పోయింది కదా. కానీ బిల్లు మీద మెకానిక్ రాసినది చదవండి. ఏ భాగం మార్చారో, పాతది ఏమైందో ఉంటుంది. అది మీరు దాచిన లోపమే అయితే వాదించకుండా కొంత ఇచ్చి ముగించడం మేలు. ఇంకోసారి ఇలా కాకుండా మొదటి మెసేజ్‌లోనే “విప్పించే ముందు నాకు చెప్పండి” అని చేర్చండి.

“ఫోన్ లాక్ అయి ఉంది, ఎవరి ఖాతానో అడుగుతోంది” అంటున్నారు.

ఇది నూటికి నూరుపాళ్లు అమ్మినవారి మతిమరుపు. ఐఫోన్లలో యాక్టివేషన్ లాక్ 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది, ఆండ్రాయిడ్‌లో అలాంటి రక్షణ 2015లో 5.1తో. దొంగల కోసం పెట్టిన తాళం ఇది. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే చాలాసార్లు పోదు. ఐఫోన్ అయితే కంగారు అక్కర్లేదు, మీ ఆపిల్ ఖాతాలోకి వెబ్‌లో వెళ్లి ఆ ఫోన్‌ను జాబితాలోంచి తీసేయొచ్చు. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లకు చెప్పకండి, ఎంత మంచిగా అడిగినా.

దీనికి తలకిందుల సమస్య కూడా ఉంది. రిటర్న్ ఒప్పుకున్నాక, పంపేముందు వాళ్ల ఖాతా తీసేయమని చెప్పండి. లేకపోతే తిరిగొచ్చిన ఫోన్ మీ చేతిలో ఇటుక.

బ్యాటరీ ఉబ్బిందని ఫోటో పంపారు. రిటర్న్ తెప్పించుకోనా?

వద్దు. ఉబ్బిన, దెబ్బతిన్న లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషిద్ధం, దారిలో అంటుకునే ప్రమాదం ఉంది. చార్జింగ్ తీసేయమనండి, గుచ్చవద్దని, నొక్కవద్దని చెప్పండి. సీరియల్ నంబరుతో ఫోటోలు తీసుకుని, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వమనండి. డబ్బు వెనక్కిచ్చేయండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరినీ పరీక్షించను.

“డబ్బివ్వకపోతే చెడ్డ రివ్యూ పెడతా” అని బెదిరిస్తున్నారు.

స్క్రీన్‌షాట్ తీసి ప్లాట్‌ఫారమ్‌కు రిపోర్ట్ చేయండి. చాలా చోట్ల అది నిబంధనల ఉల్లంఘనే. లోపం నిజమైతే డబ్బు ఎలాగూ ఇస్తారు, కాకపోతే రివ్యూ భయంతో ఇవ్వకండి. చెడ్డ రివ్యూ కింద మీరు మర్యాదగా రాసిన రెండు లైన్లను తర్వాత కొనేవాళ్లు చదువుతారు.

తిరిగొచ్చిన దాన్ని మళ్లీ అమ్మొచ్చా?

అమ్మొచ్చు, పాత ప్రకటన కాపీ కొట్టకుండా. నేను పైన చెప్పిన ల్యాప్‌టాప్‌నే శుభ్రం చేయించి, పేస్టు మార్చి, మళ్లీ పెట్టాను. “వేడెక్కి ఆగిపోతోందని ఒకసారి రిటర్న్ వచ్చింది. ఫ్యాన్ శుభ్రం చేసి, థర్మల్ పేస్టు మార్చి, మూడు గంటలు వీడియో నడిపి చూశాను” అని మొదటి లైనులోనే రాశాను. ముందుకంటే కొంచెం తక్కువకే పోయింది, కానీ రెండు రోజుల్లో పోయింది. కొన్నాయన వస్తువు చేరాక ఒక్క మెసేజ్ పెట్టాడు, వాడిన పేస్టు ఏ కంపెనీదని.